అంగుళం తక్కువైన తలుపు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ, ఆ అన్నవాళ్లెవరూ మనుషులుంటున్న ఇంటిని బాగుచేయించి ఎరగరు. ఎరిగుంటే మూడో మాట కూడా చేర్చేవారు. ఆ మూడో పనితోనే బతుకుతున్న మనిషి టేపక్క. కర్టెన్లు కుట్టడంతో మొదలుపెట్టి, పద్నాలుగేళ్లలో ఇళ్లకు ఇళ్లే తీర్చిదిద్దే స్థాయికొచ్చింది. సంచిలో కొలత టేపు లేకుండా గడప దాటదు, అందుకే ఆ పేరు.

ఈసారి పని రిటైరైన ఒక బస్సు డ్రైవరుగారింట్లో. ఆయనకు నడుము కింద బలం పోయింది, చేతులు మాత్రం ఉక్కే. శుక్రవారం ఆసుపత్రి నుంచి ఇంటికొస్తారు, ఇక తిరగడమంతా చక్రాల కుర్చీలోనే. పని ఒప్పుకున్న మొదటిరోజే ఆసుపత్రి మంచం మీంచి టేపక్కతో తేల్చి చెప్పారు.

"అమ్మాయ్, గోడలకి నీకు నచ్చిన రంగు వేసుకో. బాత్రూంలోకి మాత్రం నేనొక్కణ్ణే వెళ్లాలి, నా తలుపు నేనే వేసుకోవాలి. కన్నకూతురి చేత ఆ పని చేయించుకోలేను."

ఆమె సరేనంది. సరేనన్నాక ఇక వెనక్కి తిరిగే మనిషి కాదు.

బుధవారం ఆయనకంటే ముందుగా కుర్చీ ఇంటికొచ్చింది. టేపక్క అందులో కూర్చుని, చక్రాలు తోసుకుంటూ బాత్రూం తలుపులోంచి వెళ్లింది. కుర్చీ పట్టింది గానీ, ద్వారబంధానికి రాసుకుని రెండు చేతుల వేళ్ల కణుపులూ చెక్కుకుపోయాయి. టేపు తీసి చూస్తే ఇరవై ఎనిమిది అంగుళాలు ఉండాల్సిన దారి ఇరవై ఏడే ఉంది.

తప్పెక్కడ జరిగిందో ఆమెకు వెంటనే తట్టింది. వడ్రంగి బాబాయి టేపుకు కొస విరిగి ఏళ్లయింది. కొత్తది కొనమంటే వినడు. ఒకటో అంగుళం నుంచి కొలిచి, వచ్చిన లెక్కలో ఒకటి తీసేస్తాడు. ద్వారబంధానికి కొలత తీసినరోజు ఆయన చేతులు ఖాళీగా లేక, గోడలోని సందును ఆమే తన టేపుతో కొలిచి చెప్పింది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఆమె చెప్పినదాంట్లోంచీ ఒకటి తీసేసి ద్వారబంధం చేశాడు. మిగిలిన సందును మేస్త్రి సిమెంటుతో పూడ్చి, పైన టైల్స్ అంటించేశాడు.

"అంగుళమేగా! గోటితో పోయేదానికి గొడ్డలెందుకమ్మా?" అన్నాడు బాబాయి, మూతి ముడుచుకుని.

"పోనీలెండక్కా, నేను తోస్తాగా. సర్దుకుంటాం," అంది డ్రైవరుగారి కూతురు. రెండు నెలలుగా దుమ్ములో బతికి ఆ పిల్ల అలసిపోయింది.

టేపక్క తన చేతులు చూపించింది. "మీ నాన్న రోజుకి ఎన్నిసార్లు వెళ్తాడు? నాలుగు రోజులు తోలూడాక నిన్నే పిలుస్తాడు. ఆయన వద్దన్నది అదే. బాబాయ్, తప్పు నాది కూడా. నీ లెక్క తెలిసుండీ అంకె నోటితో చెప్పాను. ఇద్దరం కలిసి చెడగొట్టాం, ఇద్దరం కలిసే బాగుచేద్దాం. సుత్తి ఇలా ఇవ్వు."

టైల్స్ పగులుతుంటే ఆమె ప్రాణం ఉసూరుమంది. ఆ రకం మళ్లీ దొరకదని దుకాణంవాడు ఫోన్లోనే తేల్చేశాడు. అయితే పగిలిన అంచుల మీద చెక్క పట్టీలు కొట్టేద్దామంది. సిమెంటు రాలగొట్టారు, గురువారం మధ్యాహ్నానికి కొత్త ద్వారబంధం నిలబెట్టారు. ఈసారి కాగితం మీద కొలత రాసి, కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు. బాబాయి గొణుగుతూనే పట్టీలను అద్దంలా నున్నగా చిత్రిక పట్టాడు.

శుక్రవారం డ్రైవరుగారు వచ్చారు. హాలు చూడలేదు, కొత్త రంగు చూడలేదు. నేరుగా బాత్రూం తలుపు ముందు ఆగి, కుడిపక్కా ఎడమపక్కా బస్సు అద్దాల్లోకి చూసినట్టు చూసుకున్నారు.

"ముప్పై ఏళ్లలో బండికి గీత పడనివ్వలేదు," అంటూ చక్రాలు తోశారు. చేతులు దేనికీ తగల్లేదు.

వెనకే వెళ్లబోయిన కూతురి భుజం పట్టుకుని టేపక్క ఆపింది. తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.