ఆంటీ వేసిన నీలం మంచు

కోవెంట్రీలో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను ఒక బొలీవియా చిత్రకారిణి ఇంట్లో అద్దెకున్నాను. మేడ మీద గది నాది, కిందంతా ఆవిడ రంగులదే. ఆంటీ అని పిలిచేదాన్ని. ఆవిడ గని కార్మికుడి కూతురు. వాళ్ల ఊళ్లో బస్సులకి బొమ్మలు వేసి చెయ్యి తిరిగింది. సైనిక పాలన వచ్చాక ఇక్కడికి పారిపోయి వచ్చి, పగలు ఆసుపత్రిలో నేలలు తుడుస్తూ సాయంత్రాలు బొమ్మలు వేసేది. లండన్ గ్యాలరీల వాళ్లు ఆవిడ జుట్టు నెరిశాక గానీ గుమ్మం తొక్కలేదు.

ఆంటీకి ఒక అలవాటు. బొమ్మ మొదలుపెట్టేముందు పెరట్లో మట్టి మీద కాస్త వైన్ ఒలకబోసేది. ముందు భూమికి, తర్వాతే తనకి. పూర్తయ్యాక మళ్లీ పోసేది. ఇక ఆ బొమ్మ తనది కాదని లెక్క.

జీవితమంతా వేసిన బొమ్మలతో పెద్ద ప్రదర్శన కుదిరింది. వాటిలో తలమానికం వాళ్ల ఊరి మంచుకొండ. చూపు మసకబారుతున్నా ఏళ్ల తరబడి వేసింది. ఈలోగా కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. కట్టు విప్పించుకోవడానికి వెళ్లిన రోజే మధ్యాహ్నం బొమ్మల కోసం వ్యాను రావాలి.

ఆ పొద్దున బొమ్మలు ప్రదర్శనకి వెళ్తున్నాయని చెబితే మా అమ్మ ఫోన్లో, "అదేంటే, బొట్టు పెట్టకుండానే గడప దాటిస్తారా?" అంది. నిజమే. మా ఇంట్లో ఫ్రిజ్‌కీ బొట్టే, వాషింగ్ మెషీన్‌కీ బొట్టే. కొండ బొమ్మ వెనక చెక్కకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చాను.

ఆంటీ వచ్చి కొండ ముందు నిలబడిపోయింది. "నేను తెల్లగా వేశానే! ఇదంతా నీలం!"

ఇన్నాళ్లూ శుక్లం వల్ల తెలుపు కూడా పసుపుగా కనబడేది. దాన్ని సరిచెయ్యాలని నీలం కలుపుతూ పోయింది. ఇప్పుడు రంగు గీకే కత్తి అందుకుంది. అంత అందమైన కొండ ఆ ఊళ్లో కూడా ఉండి ఉండదు. గబగబా బొమ్మని వెనక్కి తిప్పాను.

"పూజ అయిపోయింది ఆంటీ. ఇంక ముట్టుకోకూడదు."

అలాంటి నియమమేదీ లేదు, అప్పటికప్పుడు నేనే పుట్టించాను. ఇప్పుడైనా అలాగే చేస్తాను.

ఆంటీ ఆ కుంకుమ వంక చూసింది. కత్తి కింద పెట్టి, వైన్ సీసా తీసుకుని పెరట్లోకి వెళ్లింది. ఆ కొండ కోసం రెండోసారి పోయడం అప్పటిదాకా మిగిలే ఉంది.

ప్రదర్శనలో ఒకాయన మంచు నీలంగా ఎందుకుందని అడిగాడు.

"అది వేసినన్నాళ్లూ నా కంటికి తెలుపంటే ఇదే" అంది ఆంటీ, తల ఎత్తి.