బండ్లు తెచ్చిన ఆదివారం

ఫాల్గుణంలో నాలుగు చినుకులు రాలితే చల్లబడిందని సంబరపడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కోతకొచ్చిన జొన్న మీద పడే వానను వాళ్ళు చూసి ఉండరు.

మా పల్లె ఉదయగిరి దుర్గం కొండకు తూర్పున, ఆత్మకూరు దారి పక్కన ఉండేది. ధాత అనే ఏట వచ్చిన కరువులో గంజి పోసేచోట వరసలో నిలబడి బతికినవాళ్ళం. ఇద్దరు అన్నలు బతకలేదు. మిగిలింది నేను, చంక దిగని తమ్ముడు. తర్వాత వచ్చిన ఏళ్ళలో ఒకదాని పేరు బహుధాన్య. పేరుకేం, గొప్పగానే ఉంది. ఆ ఏడు కరువు తర్వాత మొదటిసారి మా చెక్క పొలంలో జొన్న కంకి పట్టింది. ఆ గింజ ఇల్లు చేరితే తమ్ముడు బతికి బట్టకడతాడని అమ్మ ఆశ. వాడి కాళ్ళు అప్పటికే పుల్లల్లా ఉన్నాయి.

మా వాడంతా కొత్తగా క్రీస్తు మతం పుచ్చుకుంది. బోధకుడు చెప్పినవాటిలో నాయన గట్టిగా పట్టుకున్నది ఒక్కటే, ఆదివారం కొడవలి ముట్టకూడదని. మరి ఆదివారం ఎప్పుడో తెలిసేదెట్లా? పంచాంగం కరణం ఇంట్లో ఉంది, ఆ గడప మేం తొక్కరాదు. అందుకని మావాళ్ళు సొంతంగా ఒక గుర్తు పెట్టుకున్నారు. ఆత్మకూరు సంత నుంచి ఉదయగిరికి తిరిగిపోయే బండ్లు శనివారం పొద్దుగూకే వేళ మా పల్లె దాటేవి. అవి దాటిన మర్నాడు ఆదివారం.

జొన్న కోతకొచ్చిన వారం బండ్లు వేళకు రాలేదు. కింద మైదానంలో గాలివాన కొట్టి, వాగు పొంగి, అవతలి గట్టునే ఆగిపోయాయని మాకెవరు చెబుతారు? మా దగ్గర చినుకైనా లేదు.

“ఈ పొద్దు రావాల కదయ్యా బండ్లు,” అంది అమ్మ.

“బండ్లు రాకుండా శనివారం యాడొస్తాది? రేపే శనివారంలే,” అన్నాడు నాయన.

మర్నాడు ఇద్దరూ రెడ్డిగారి చేలో కోతకు పోయారు. ఆయన చేను అయితేగాని మా చేను కోసుకోవడానికి లేదు. సాయంత్రానికి ఆ కోతా అయింది, బండ్లూ వచ్చాయి. చక్రాల నిండా బురద. అయినా మావాళ్ళలో ఒక్కరూ ఆపి అడగలేదు. రేపు ఆదివారమని వాడంతా చెప్పేసుకుని పడుకున్నారు.

తెల్లారి పొద్దెక్కేసరికి దుర్గం మీద మబ్బు దిగింది. అవ్వ వాకిట్లో నిలబడి కేకలు పెట్టింది. “ఒరే, కొండ నెత్తిన నల్లగా ఉండాది. లేచి కోయండిరా!”

“ఆదివారమమ్మా. ముట్టగూడదు,” అన్నాడు నాయన.

అమ్మ కొడవలి తీసుకుని గడప దాటింది. నాయన వెనకనుంచి లాక్కుని చూరులో దోపాడు. ఆమె ఆ చూరు కిందే కూలబడి ఏడ్చింది. కాసేపటికి రాళ్ళవాన మొదలైంది. అది వెలిసి చేనికి పోయి చూస్తే దంట్లు విరిగి, కంకులు బురదలో తొక్కినట్టు పడి ఉన్నాయి. గుప్పెడు గింజ కూడా ఏరుకోలేకపోయాం.

మరుసటి రోజు బోధకుడు వచ్చాడు. నిన్న ఆదివారమని కోతకు పోలేదని నాయన చెప్పుకుంటుంటే ఆయన తెల్లబోయాడు.

“నిన్న సోమవారం కదయ్యా,” అన్నాడు. మళ్ళీ తనే, “తెలియక చేసినా దేవుడు మీ భక్తి చూసినాడు,” అని సర్దబోయాడు.

“చూసే రాళ్ళేసినాడా?” అంది అవ్వ.

అసలు ఆదివారం నాడు నాయన పొద్దంతా రెడ్డిగారి జొన్న కోశాడు, మా జొన్నను సోమవారం చేతులారా వదిలేశాడు. ఆయన మీద నా కోపం ఈనాటికీ చల్లారలేదు. జాలి కూడా పడతాను, కానీ కోపమే ముందొస్తుంది.

ఉగాది దాటిన కొన్నాళ్ళకు తమ్ముడు పోయాడు. గొయ్యి తవ్వేవాళ్ళు ఈ పొద్దు ఏ వారమని నాయనను అడిగారు. తెలియదన్నాడు.