పుస్తె లేని మెడ

కోరుట్లలో మా ఇంటి ముందర కూర్చుని రూతమ్మ చెంబెత్తి నీళ్లు తాగుతుంటే, ఆమె గొంతు మీద రేగుపండంత ఉబ్బు పైకి పోయి కిందికి దిగింది. రూతమ్మ నా భార్య. నొప్పేమీ లేదంది. నాకు మాత్రం ఆ పూట బువ్వ సహించలేదు.

జగిత్యాల తీసుకుపోయాను. స్కానింగ్ తీశారు. గడ్డలోకి సూది గుచ్చి ఎఫ్ఎన్ఏసీ చేశారు. రిపోర్టు చూసిన డాక్టరమ్మ, "పాపిల్లరీ కార్సినోమా, పెద్దాయనా. క్యాన్సరే, కానీ దీనికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది. టోటల్ థైరాయిడెక్టమీ చేసి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేద్దాం" అంది.

ఆ రోజు నుంచి గడ్డ కన్నా జనం నోళ్లే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టాయి.

బాప్తిస్మం తీసుకున్న కొత్తలో రూతమ్మ ఒంటిమీది బంగారమంతా తీసేసింది. ఎవరూ బలవంతపెట్టలేదు. బీడీలు చుట్టి చేయించుకున్న కమ్మలు, చివరికి పుస్తెలు కూడా. "మెడల ఉన్నన్ని రోజులు నా పానం గీటి మీదనే ఉంటది" అంది. వాటిని అమ్మి, మంచాన పడ్డ పక్కింటామె పిల్లలకు బియ్యం పోయించింది. అప్పుడు నాకు లోపల మండింది.

ఇన్నేళ్లకు ఆస్పత్రిలో చీటీ రాసేవాడు ఆమె మెడ చూసి, "మీ ఆయన ఎప్పుడు పోయిండమ్మా?" అని నా ముందే అడిగాడు.

"పోలే. గీడనే నిలబడ్డ" అన్నాను. లైనంతా నవ్వింది. బొట్టూ పుస్తే లేకపోతే పక్కనున్న మొగుడు కూడా కంటికి ఆనడా?

సిరిసిల్లలో మరమగ్గాలు, అంటే సాంచలు నడిపించే నా చెల్లె లచ్చవ్వ పసుపు కొమ్ము కట్టిన దారం పట్టుకొచ్చింది.

"అన్నా, పుస్తె తీసిన మెడకే గడ్డ లేసింది, నీకు కండ్లు గనవడ్తలేవా? ఆపరేషన్‌కు ముందే గిది కట్టు."

"మీ పక్కింటామె మెడల తులాల తాడున్నది గదా. షుగర్‌తోని కాలెందుకు తీసేసిండ్రు?"

బడి మొహం చూడనివాణ్ణి. బైబిలు పట్టుకునే అక్షరాలు కూడబలుక్కున్నాను. అందులో గడ్డకూ పుస్తెకూ సంబంధం నాకెక్కడా కనబడలేదు. అయినా లచ్చవ్వ నా చేతిలో పెట్టిపోయిన దారాన్ని పారేయలేకపోయాను. ఆపరేషన్ పొద్దున జేబులోంచి తీసి రూతమ్మకు చూపించాను.

"నీ భయం పోతదంటే కట్టు" అంది. "కని దేవునికని ఇడిసినదాన్ని మల్ల మెడకేసుకుంటే, నా భయం మొదలైతది."

దారం మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఇంతలో నర్సమ్మ వచ్చి, ఆపరేషన్‌కు పోయేవాళ్లు ఒంటిమీద ఏమీ ఉంచుకోవద్దంది. పక్క మంచం మీది గొల్లపల్లి పిల్ల పుస్తెలు గుప్పిట పట్టుకుని ఏడుపు. తీస్తే మొగుడికేమవుతుందోనని.

రూతమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నాయి తీసి శానేండ్లాయె బిడ్డా. గాయిన్ని సూడు, గింత కోపంతోని గుండ్రాయి లెక్క ఉన్నడు."

ఏడుస్తూనే ఆ పిల్ల నవ్వింది. పుస్తెలు తీసి తల్లికిచ్చింది.

"అవ్వా, నీకు తీసేదేం లేదు, పా" అంది నర్సమ్మ. రూతమ్మ నడుచుకుంటూ పోయింది. నేను బయటికి వచ్చి, ఆపరేషన్‌కని వచ్చి కూర్చున్న లచ్చవ్వతో, "గీ దారం నీ సాంచలకు కట్టుకో" అన్నాను.

ఆపరేషన్ మంచిగానే అయింది. తర్వాత కాల్షియం పడిపోయి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. ఇంజెక్షన్లు పెట్టారు. "సూసినవా?" అంది లచ్చవ్వ. చూడవచ్చిన మా చర్చి సంఘ పెద్ద, "విశ్వాసం తగ్గితేనే గిట్లయితది. గోలీల మీద ఆశ కూడ లోకాశనే" అన్నాడు. రూతమ్మ బొంగురు గొంతుతో, "నేను ఇడిసింది నగలయ్యా, గోలీలు కాదు" అంది.

పుస్తె లేకనే అని లచ్చవ్వ, విశ్వాసం లేకనే అని సంఘ పెద్ద. రోగిని నిందించే కాడ ఇద్దరిదీ ఒకే మతం!

ఇప్పుడు రూతమ్మ రోజూ పరగడుపున థైరాక్సిన్ గోలీ వేసుకుంటుంది, చెకప్‌కు పోయి వస్తుంది. మెడ మీద కోత గీత సన్నగా మిగిలింది.

చదివే తల్లులకు ఒక్క మాట. అద్దం ముందు తల కొంచెం ఎత్తి నీళ్లు గుటక వేయండి. గొంతు దగ్గర ఉబ్బు కదిలితే, ఎందుకొచ్చిందో చుట్టాలు తేల్చేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోండి. చూసుకునేటప్పుడు పుస్తెలతాడు తీసి పక్కన పెట్టండి. మీ ఆయనకేం కాదు. నేనింకా ఉన్నాను.