అక్క ఖాతాలో అడుగులు

సింగపూర్‌లోని పుంగ్గోల్‌లో మా బ్లాకుల వెనక నీటి పక్కన నడిచే ఆడవాళ్లం అయిదుగురం ఉండేవాళ్లం. అందరి చేతులకీ వాచీలు, అందరి ఫోన్లలోనూ ఒకటే ఆప్. ఎవరు ఎన్ని అడుగులు వేశారో అందులో వరసగా కనబడేది. మొదటి పేరు ఎప్పుడూ అక్కదే. కాకినాడ మనిషి, బ్యాంకులో ఉద్యోగం, మా కింది అంతస్తులోనే ఇల్లు. నాకు రక్తసంబంధం లేదు గాని ఈ ఊళ్లో పన్నెండేళ్లుగా నేను నోరారా అక్కా అని పిలిచింది ఆవిడనొక్కదాన్నే.

ఒకరోజు ఆఫీసు మీటింగులో తల పట్టుకుని కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. మూడోరోజుకి పోయింది.

అక్క అన్నీ సర్దిపెట్టుకునే మనిషి. విల్లు, ఇన్సూరెన్సు, నామినేషన్ కాగితాలు అన్నీ ఒకే నీలం ఫైల్లో పెట్టి, పేజీ పేజీకి సంతకం చేసి ఉంచింది. ఫోను గురించి మాత్రం ఆ ఫైల్లో ఒక్క ముక్క లేదు. దాన్ని తెరిచే నంబరు బావగారికీ తెలియదు, కూతురికీ తెలియదు. ఫోను ఆరిపోతే ఇంకేమవుతుందోనన్న భయంతో బావగారు దాన్ని ఎప్పుడూ చార్జింగులోనే ఉంచేవారు.

పన్నెండో రోజు భోజనాలై వారం తిరిగింది. ట్రైన్‌లో నిలబడి అలవాటుగా ఆప్ తెరిచాను. సున్నాతో అట్టడుగున ఉన్న అక్క పేరు పక్కన ఆరువందల చిల్లర అడుగులు కనిపించాయి. మర్నాటికి రెండు వేలయ్యాయి.

మా గుంపులో ఒకావిడ ఫోన్ చేసింది.

"నువ్వూ చూశావా?"

"చూశాను."

"సర్వర్ గోల అయ్యుంటుందిలే."

"అయ్యుంటుంది," అన్నాను.

బావగారు ఎక్కువగా టూర్లలో ఉండటంతో అక్క తన అత్యవసర కాంటాక్టుగా నా పేరు పెట్టుకుంది. అందుకని ఆవిడ గుండె చప్పుడు గీత కూడా నాకు కనబడుతుంది. అది తెరిచాను. ఆసుపత్రిలో వాచీ తీసిన రోజు దాకా గీత ఉంది. ఆ తర్వాత మూడు వారాల ఖాళీ. ఆ ఖాళీ అవతల గీత మళ్లీ మొదలైంది. డెబ్బై ఎనిమిది, ఎనభై నాలుగు. చూస్తుండగానే ఎనభై ఆరయింది. ఫోను బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాను.

రోజూ అదే వేళ, తొమ్మిదిన్నర నుంచి పది దాకా, అందరూ ఆఫీసులకీ బళ్లకీ వెళ్లిపోయాక. మ్యాపులో చూస్తే దారి కూడా అక్క నడిచిన దారే. సెలవు పెట్టి అక్కడ నిలబడి చూద్దామని రెండుసార్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు. బావగారిని అడుగుదామంటే, మీ ఆవిడ నడుస్తోందండీ అని ఏ నోటితో అడగను?

ఒక మంగళవారం ఆఫీసుకి ఆలస్యంగా బయల్దేరాను. ట్రైన్ ఎక్కి రెండు స్టేషన్లు దాటానో లేదో, నా ఫోను పెద్దగా మోగింది. తెర మీద అక్క నవ్వుతున్న ఫొటో. దాని కింద, గట్టిగా పడిపోయారు, పలకడం లేదు, ఉన్న చోటు ఇది, అని ఇంగ్లిష్‌లో. మ్యాపులో నీటి పక్కన నడక వంతెన దగ్గర ఒక నీలం చుక్క.

పక్క సీటులో కూర్చున్న చైనీస్ ఆంటీ, "యూ ఓకే ఆ?" అని అడిగింది. తలూపి, వచ్చిన స్టేషన్లో దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీద వెనక్కి వెళ్లే ట్రైన్ ఎక్కాను. ట్రైన్‌లోంచే బావగారికి ఫోన్ చేశాను.

"ఇంట్లో ఎవరున్నారండీ?"

"అమ్మ ఒక్కతే ఉంది. ఏమయింది?"

"ఏం లేదు. తర్వాత చేస్తాను."

దారి పొడుగునా ఆ చుక్క కదల్లేదు.

వంతెన మొదట్లో దారి అంచున, అక్క పోయాక ఊరి నుంచి వచ్చిన బావగారి అమ్మ కూలబడి ఉన్నారు. జాగింగ్‌కి వచ్చిన ఎవరో ఆవిడకి నీళ్లు తాగిస్తున్నాడు. డెబ్బై దాటిన ఆవిడ, చర్మం ఎముకకి అంటుకున్నంత సన్నని చెయ్యి. ఆ చేతికి అక్క వాచీ, భుజాన అక్క ఫోను ఉన్న చిన్న సంచీ.

"కాలు మడత పడిందమ్మా, అంతే. అబ్బాయికి చెప్పకు."

"పిన్నిగారూ, రోజూ నడుస్తోంది మీరా?"

ఆవిడ చీర కుచ్చిళ్లకి అంటిన మట్టి దులుపుకున్నారు.

"కొన్నాళ్లు ఎవరూ వాడకపోతే కోడలి ఖాతా తుడిచేస్తారంట కదా. అబ్బాయి ఫోను కంపెనీ వాళ్లతో మాట్లాడుతుంటే విన్నాను. ఫొటోలు, మాటలు, అన్నీ పోతాయంట. కోర్టు కాయితం తెస్తేనే ఇస్తారంట. అదెప్పుడొస్తాదో ఏంటో. ఈలోగా వాచీ పెట్టుకుని నడిస్తే వాడుతున్నట్టే అవుతాది కదాని..."

"బావగారికి ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే మానిపించేవాడు." వాచీని కొంగుతో తుడుస్తూ అన్నారు, "బతికుండగా దాంతో పట్టుమని నాలుగు మంచి మాటలు ఆడలేదమ్మా. ఊరి నుంచి నేను పంపిన మాటల మెసేజీలన్నీ అందులోనే ఉన్నాయి. విందో లేదో తెలీదు."

క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఎముక విరగలేదు. డాక్టరు గుండె సంగతి అడిగితే నా ఫోన్లో ఆ గీత చూపించాను. పైనున్న పేరు, వయసు చదువుతూ ఆయన, గుండె లయ తప్పుతోంది, మీ స్నేహితురాలు త్వరగా స్పెషలిస్టుని కలవాలి, అన్నాడు. ఆవిడ చనిపోయింది, ఈ గుండె ఈవిడది అని చెప్పాను. ఆయన ఫోను నా చేతికి తిరిగి ఇచ్చి, పిన్నిగారి నాడి మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఆవిడ మందులు ఆ రోజే మొదలయ్యాయి.

బావగారు తల్లిని ఏమీ అనలేదు. అక్క కూతురు మాత్రం ఈ ఊరి యాసలో, "డోంట్ స్టాప్ లా, డాడీ," అంది. నడిస్తే ఖాతా నిలుస్తుందో లేదో మాలో ఎవరికీ రూఢిగా తెలియదు. అయినా కోర్టు కాగితం వచ్చేదాకా వాచీని నడక గుంపులో మిగిలిన మేం నలుగురం వంతులు వేసుకుని పెట్టుకున్నాం. నా వంతు రోజు అక్క గుండె నా మణికట్టు మీద కొట్టుకునేది. మ్యాపులో అక్కా నేనూ ఒకే చుక్క. ఒకసారి వంతెన మీద ఆగి వెనక్కి తిరిగి చూశాను, ఎవరో కాస్త ఆగమన్నట్టనిపించి. ఎవరూ లేరు. మళ్లీ ముందుకి నడవడానికి చాలాసేపు పట్టింది.

అయిదు నెలలకి కాగితం వచ్చింది. కంపెనీ వాళ్లు అన్నిటికీ ఒక నకలు ఇచ్చి, ఖాతా మూసేశారు. పిన్నిగారి మెసేజీలు దొరికాయి. ఆఖరి రెండూ అక్క వినలేదు.

"పోనీలే, కసిరినవి ఆ రెండే," అన్నారు పిన్నిగారు.

ఆ వారమే నా ఫోను తెరిచే నంబరు, ఖాతాల జాబితా, నా తర్వాత వాటిని చూడాల్సిన మనిషి పేరు ఒక కవర్లో రాసిపెట్టాను. మా ఆయన తన కవరు ఇంకా రాస్తూనే ఉన్నారు.

పిన్నిగారికి అదే వాచీలో ఆవిడ పేరు మీద కొత్త ఖాతా తెరిచి ఇచ్చాను. డాక్టరు కూడా రోజూ నడవమన్నాడు. మర్నాడు పదింటికి చూస్తే సున్నా. కంగారుగా కిందికి దిగి తలుపు కొట్టాను. ఆవిడ వంటింట్లో చిక్కుళ్లకి ఈనెలు తీస్తున్నారు.

"నడకకి వెళ్లలేదేం పిన్నిగారూ?"

"ఇప్పుడు నడిస్తే నా నడకే కదమ్మా," అన్నారు తలెత్తకుండా. "దానికి తొందరేముంది?"