మేడం తిరిగివ్వని పుస్తకం

మేడం పోయారన్న కబురు పోయిన నెల ఒక గురువారం పొద్దున, నేను లైబ్రరీ తాళాలు తీస్తుండగా వచ్చింది. ఫోన్ చేసింది వాళ్ళ చెల్లెలు. "అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అంది. "అయ్యో, ఎల్లుండి క్లాసుకు వస్తనన్నరు గదా" అన్నాను. పోయిన మనిషి గురించి అనాల్సిన మాటేనా అది! కానీ నోటికి అదే వచ్చింది.

మేడం అంటే బస్తర్‌లోని మా యూనివర్సిటీ లైబ్రరీకి ఏళ్ళ తరబడి పెద్ద. రిటైరై ఆరేళ్ళయినా శనివారం మూడు కొట్టేసరికి రిక్షా దిగేవారు. మా దగ్గర మేడంలు చాలామంది ఉన్నారు, వాళ్ళందరినీ పేరు కలిపి పిలుస్తాం. ఆవిడను మాత్రం ఉత్తి మేడం అనే పిలిచాం. నేను ఇక్కడ కూడా అలాగే రాస్తాను, అలవాటు పోదు.

నా సంగతి కూడా చెప్పాలి. మాది బస్తర్ చివర, తెలుగు మాట్లాడే కొంటా. మా నాన్న చింతపండు, ఇప్పపువ్వు కొని అమ్మే వ్యాపారి. మా ఆయన ఇదే యూనివర్సిటీలో డ్రైవరు. ఆయన పోయాక నన్ను లైబ్రరీలో రోజువారీ మనిషిగా తీసుకున్నారు. అప్పట్లో ఆరు నెలలకోసారి నా ఉద్యోగం కాగితాన్ని ఆఫీసు పొడిగించాలి. పొడిగించకపోతే ఏడో క్లాసు చదివే కూతుర్ని తీసుకుని, ఎర్రబోరు మీదుగా పుట్టింటికి బస్సెక్కి, అన్నా వదినల పంచన పడాలి. అందుకే మొదటి రోజు చేతులు కట్టుకుని నిలబడి, "నేనేంది చెయ్యాలె మేడం?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నవ్వారు. "ఏంది! ఎన్నాళ్ళకు విన్నానమ్మా ఈ మాట. ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు."

మేడం, ఆంధ్రా నుంచి ఇక్కడి గనుల్లో పనికి వచ్చిన ఇంట్లో, గనుల టౌన్‌షిప్‌లో పుట్టిన మనిషి. తెలుగు ఇంటిది, హిందీ స్కూలుది, ఇక్కడి జనం మాట్లాడే హల్బీ మాత్రం మా లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసే దాదా దగ్గర కష్టపడి నేర్చుకున్నది. పదిమందిలో ఉన్నప్పుడు నాతో తెలుగులో మాట్లాడేవారు కాదు. "పక్కవాళ్ళు, మన గురించే అనుకుంటున్నారేమో అని బెంగపడతారు" అనేవారు. ఇద్దరమే ఉంటే ఇక పట్టపగ్గాలుండేవి కావు.

పదకొండింటికి ఆవిడ గంట కొడితే అందరం ర్యాకుల మధ్య సందుల్లో నిలబడి మెడలు తిప్పాలి, నడుములు వంచాలి. దుమ్ము దులిపేవాళ్ళు మూతికి తడిగుడ్డ కట్టుకోవాలి. ఆడవాళ్ళకు వేరే బాత్రూం లేదని పాత పేపర్ల గది ఖాళీ చేయించి మరీ కట్టించారు. "నీళ్ళు తాగండని గంట కొట్టి, ఆ తర్వాత ఎక్కడికి పొమ్మంటాను?" అని ఆఫీసులో అందరి ముందూ అడిగారట. ఆఫీసులో మగవాళ్ళంతా తల దించుకున్నారని దాదా చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఎవరి పుట్టినరోజైనా కేకు లేదు. ఆ మనిషి తన ఇంట్లో తినేదే తేవాలి. నేను పచ్చిపులుసు తెచ్చాను. దాదా ఆకు దొప్పల్లో ఎర్రచీమల పచ్చడి తెచ్చాడు, ఇక్కడ దాన్ని చాప్డా అంటారు. మేడం ముందు తానే వేలితో నాకారు. కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. అయినా "బాగుంది, బాగుంది" అంటూ రెండోసారి వడ్డించుకున్నారు. ఆ మొండితనం చూసి నేను కడుపుబ్బా నవ్వాను. మా ఆయన పోయాక అంత నవ్వడం అదే మొదలు.

ఇక శనివారం మూడింటి క్లాసు. తలుపులు దగ్గరగా వేసి స్టాఫంతా రీడింగ్ రూములో కూర్చోవాలి. ఒకరు చెప్పాలి, తక్కినవాళ్ళు నేర్చుకోవాలి. మైదా జిగురులో మైలుతుత్తం ఎంత కలిపితే పురుగు పట్టదో దాదా చెప్పాడు. కంప్యూటర్లో కార్డు ఎలా ఎక్కించాలో చౌకీదారు చెప్పాడు. అవును, చౌకీదారే! అంతకుముందు వారం అతను కంప్యూటరు తీగ పీకి ఫోను ఛార్జింగు పెట్టుకున్నాడు మరి. అదీ ఆ క్లాసు పద్ధతి. ఆ వారం తప్పు చేసినవాళ్ళే ఆ తప్పు గురించి పూర్తిగా నేర్చుకుని వచ్చి మిగతావాళ్ళకు చెప్పాలి. తిట్లుండవు, పాఠం ఉంటుంది. "తప్పు చేసినవాళ్ళు ఆ సంగతి జన్మలో మర్చిపోరు. అంతకంటే మంచి టీచరు నాకెక్కడ దొరుకుతుంది?" అనేవారు మేడం.

నేను చేరిన ఏడాది శ్రావణంలో పెద్ద వాన పడింది. మేడం మీటింగుకని దంతెవాడ వెళ్ళారు. దాదా సెలవులో ఉన్నాడు. పొద్దున వచ్చి చూస్తే కప్పు కారి, మూల ర్యాకులో నాలుగు పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. బస్తర్ సంస్థానంగా ఉన్న రోజులవి, రాజముద్ర ఉన్నవి, ఎవరో పెద్దింటివాళ్ళు ఇచ్చినవి. అదృష్టంకొద్దీ ఆ రోజు ఎండ ఫెళ్ళున కాసింది. నాకిక ఆలోచనెందుకు? డాబా మీద పట్టా పరిచి, చింతపండు ఎండబోసినట్టు పుస్తకాలు విప్పి ఎండబెట్టాను. మా నాన్న నేర్పినట్టే గంటకోసారి తిరగేశాను. మేడం వచ్చి శభాష్ అంటారని మెట్ల దగ్గర కాచుకుని కూర్చున్నాను కూడా.

నాలుగింటికి మేడం జీపు దిగి పైకి వచ్చారు. అప్పటికి అట్టలు అప్పడాల్లా వంకరపోయాయి. జిగురు పెళుసెక్కి కుట్లు ఊడిపోయాయి. ఆవిడ ఆ ఎండలోనే గొంతుక్కూర్చుని ఒక్కోదాన్నీ చేత్తో తడిమారు.

"ఎవరు చెప్పారమ్మా ఎండలో పెట్టమని?"

"ఎవ్వరు చెప్పలే మేడం. మా ఇంట్ల తడిసినయన్నీ ఎండల్నే వోస్తం."

ఆవిడ ఊడిన కుట్లు చూపించారు. వాటిని పాడుచేసింది ఎండేనని నాకప్పుడు అర్థమైంది. మూడో రోజుకు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది, బాధ్యులెవరో రాసి పంపమని. నా పొడిగింపు కాగితం సంతకానికి వెళ్ళాల్సింది కూడా ఆ నెలే. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంటికి పోయి పెట్టె దించి కూతురి బట్టలు సర్దాను. మర్నాడు మేడం ముందు నిలబడి ఏడ్చాను.

"తర్వాత ఏడుద్దువుగాని. శనివారం క్లాసు నీది. తడిసిన పుస్తకం ఎలా ఆరబెట్టాలో చెప్పాలి. దాదా వచ్చాడు, పోయి నేర్చుకో" అన్నారు.

"ఆఫీసు కాగితం మేడం..."

"ఆఫీసు సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు నీ పాఠం చూసుకో."

రెండు రోజులు దాదా వెంట పడి నేర్చుకున్నాను. నీడలో పెట్టాలి, ఫ్యాను గాలి తగలాలి, పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి మారుస్తుండాలి, కాస్త ఆరాక బరువు పెట్టాలి. శనివారం నా వచ్చీరాని హిందీలో అదంతా చెప్పాను. అయ్యాక మేడం లేచి అందరికీ వినపడేలా అన్నారు: "తడిసిన పుస్తకం గురించి ఇప్పుడు ఈ అమ్మాయికి తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలీదు. ఈమెను పంపేసుకుంటామా?" ఆ నెలాఖరుకు నా కాగితం పొడిగింపై వచ్చింది. కొన్నేళ్ళకు పర్మనెంటూ అయ్యాను. మూడు పుస్తకాలను దాదా బాగుచేశాడు. నాలుగోది ఏమైందంటే మేడం "పంపించాను" అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు.

తర్వాత ప్రతి ఏడూ కొత్తగా చేరినవాళ్ళకు ఆ పాఠం నేనే చెప్పాను. చింతపండు ముచ్చట కాస్త మసాలా దట్టించి చెప్పేదాన్ని. మేడం ముందు వరసలో కూర్చుని, మొదటిసారి విన్నట్టు నవ్వేవారు.

ఒక్క విషయంలో మాత్రం నేను ఆవిడను ఆటపట్టించేదాన్ని. మేడం కార్డు మీద ఒక పుస్తకం ఏళ్ళ తరబడి తిరిగి రాలేదు. ప్రతి జూన్‌లో కార్డు తెచ్చి కౌంటరు మీద పెట్టేవారు. పొడిగింపు ముద్ర వేసేది నేనే. కార్డు మీద నంబరే తప్ప పుస్తకం పేరుండదు.

"ఇంకెన్నేండ్లు చదువుతరు మేడం?"

"నెమ్మదిగా చదువుతానమ్మా. ముద్ర వెయ్యి."

పదకొండో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాలయ్యాక చెల్లెలు గుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "లైబ్రరీకి ఇచ్చెయ్యమని అక్క ముందే చెప్పి పెట్టిందమ్మా."

విప్పాను. రాజముద్ర. వంకరపోయిన అట్ట. నా నాలుగో పుస్తకం. దాని మొదటి పేజీలో మడిచిన కాగితం ఒకటుంది. ఆఫీసుకు మేడం రాసిన జవాబు నకలు. 'సదరు పుస్తకాలను నా ఆదేశం మేరకే ఎండలో ఉంచారు. బాధ్యత పూర్తిగా నాది' అని, కింద సంతకం.

"ఇదేందమ్మా?" అన్నాను.

"ఆ ఏడు అక్కకు రాయ్‌పూర్‌లో పెద్ద పోస్టు రావాల్సింది. ఈ కాగితం ఫైల్లో ఉందని ఆగిపోయింది. ఎందుకు రాశావే అని నేను గొడవపడ్డాను. 'ఆ పిల్ల ఇప్పుడిప్పుడే నిలబడుతోంది, కదపొద్దు' అంది. పుస్తకం కూడా అందుకే ఇంట్లో పెట్టుకుంది. ర్యాకులో ఉంటే రోజూ నీ కళ్ళబడుతుందని."

అన్నేళ్ళు నేను అందరినీ నవ్విస్తూ ఆ కథ చెప్పాను. ఆవిడ ముందు వరసలో కూర్చుని విన్నారు. ఒక్కసారంటే ఒక్కసారి ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. నాకు కోపం వచ్చింది, నిజంగానే. నాకు చెప్పి ఉంటే కాళ్ళ మీద పడి ఉండేదాన్ని కదా. చెప్పకపోవడానికి కారణం కూడా బహుశా అదే.

ఆ తర్వాతి శనివారం మూడింటికి క్లాసు పెట్టాం. ఈ వారం తప్పు ఎవరిదని దాదా అడిగాడు. చెయ్యెత్తాను. "నాదే దాదా. మా మేడం ఏం చేశారో అన్నేళ్ళు అడగలే" అని హిందీలో చెప్పి, ఆ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. తర్వాత కౌంటరు దగ్గరికి పోయి, మేడం కార్డు తీసి, పొడిగింపు ముద్రల వరస కింద 'జమ' అని ముద్ర వేశాను.

పుస్తకాన్ని ర్యాకులో పెట్టబోతే దాదా వద్దన్నాడు. ఇప్పుడది రీడింగ్ రూములో మేడం కూర్చునే కుర్చీ ముందు, బల్ల మీద ఉంది. అట్ట వంకర తీరేలా బరువు పెడదామా అని ఎవరో అంటే నేనే ఒప్పుకోలేదు. ఫ్యాను తిరుగుతున్నప్పుడు దాని అట్ట కొంచెం లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది.