కరియకు గొర్రెలు లేని ఏడాది

విడపనకల్లు దాటాక బస్సు దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. వైశాఖం. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చి ఉంది. కనుచూపు మేరలో ఉన్న నీడ ఒక్కటే, బస్సుది. అదీ కదిలిపోయింది. నా దగ్గర ఉద్యోగంలో ఇచ్చిన నల్ల ట్రంకు పెట్టె, ఒక సంచి, చంకలో పదినెలల పాప.

బలగంలో ఉన్న రోజుల గురించి చెప్పమని ఇక్కడి క్వార్టర్స్‌లో ఆడవాళ్లు అడుగుతుంటారు. డిగ్రీ కాగానే కేంద్ర బలగంలో, మహిళా బెటాలియన్‌లో చేరాను. ఆరేళ్లు చేశాను. ఎన్నికల డ్యూటీలు, కర్ఫ్యూలు, రాళ్లు పడిన వీధులు. కానీ నాకు బాగా గుర్తున్న పోస్టింగ్ రాజీనామా చేసిన తర్వాత వచ్చింది. నా భర్త సైన్యంలో ఉన్నాడు. అప్పుడు ఆయన ఉన్నది కుటుంబాన్ని తీసుకుపోవడానికి వీల్లేని చోటు. "క్వార్టర్ దొరికే వరకు మా ఊళ్లో ఉండు" అన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. పాప నిద్రపోయాక, మధ్యమధ్య లేచి దాని నుదురు తాకి చూసి వస్తూ, ఇది రాస్తున్నాను.

బస్సు దగ్గరికి అత్త వచ్చింది. మామ రాలేదు. ఆయన బదులు కుక్క వచ్చింది. నల్లది. మెడ కింద తెల్లమచ్చ. మొరగలేదు. మా చుట్టూ వంగి వంగి తిరిగింది. అత్త కుడి పక్కకు జరిగితే ఎదురొచ్చి ఎడమకు నెట్టింది. నేను పెట్టె దించి ఆగితే మడమల మీద ముక్కుతో పొడిచింది. ఇంటి దాకా అలాగే.

మామ అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు.

"తోలుకొచ్చిందా?" అన్నాడు. "దాని పేరు కరియ. ఇంగేం పని ఉండాది దానికి? గొర్రెలన్నీ అమ్మేస్తిమి గదా. కనపడినోల్లనంతా తోల్తాంది."

వానలు వరుసగా తప్పాయి. మేత లేదు. మామ మంద మొత్తాన్ని సంతలో అమ్మేశాడు. మిగిలింది రొప్పం, అంటే ముళ్లకంప చుట్టిన గొర్రెల దొడ్డి, దాంతోపాటు కరియ. రోజూ పొద్దున మామ ఆ ఖాళీ రొప్పం ఊడ్చేవాడు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

కరియకు రెండేళ్లు. పుట్టింది మొదలు మంద వెంట ఊళ్లు తిరిగిన కుక్క, ఇప్పుడు ఇంట్లో పడింది. కోళ్లను మూలకు చేర్చి కాపలా కాసేది. బడి వదిలే వేళ పిల్లలను రోడ్డుకు ఒక పక్కన కూడేసేది. సైకిలును మళ్లించబోయి ఒకాయన్ని కింద పడేసింది. పాలామె మా గుమ్మంలో నిలబడి అరిచింది.

"పోలీసు కోడలొచ్చిందంట గదా! ముందర ఈ కుక్కను అరెస్టు చేయమనండి!"

పాపకు అప్పుడే అడుగులు పడుతున్నాయి. గడప దాటబోతే కరియ రొమ్ముతో అడ్డం నిలబడేది. పాప ఇంకో పక్కకు తిరిగితే అక్కడికీ వచ్చేది. ఒక సాయంత్రం పాప నవ్వుతూ పరుగెత్తబోయింది. కరియ మడమ పట్టింది. దారి తప్పిన గొర్రెను పట్టినట్టు, పట్టగానే వదిలేసింది. పాప మడమ మీద ఆవగింజంత రక్తం.

సబ్బు పెట్టి, చెంబు తర్వాత చెంబు నీళ్లు పోస్తూనే ఉన్నాను. దొరికిన జీపులో ఆసుపత్రికి పోయాం. డాక్టరు సూది వేసి, మిగతా సూదులకు ఎప్పుడు రావాలో చెప్పాడు.

"కుక్కను పది రోజులు కనిపెట్టుకుని ఉండమ్మా. చచ్చినా, కనపడకుండా పోయినా నాకు చెప్పాల. యాడికీ తరమొద్దు."

తిరిగి వచ్చేసరికి అత్త చేతిలో కట్టె ఉంది. "దాన్ని వంక అవతల ఇడ్సిపెట్టి రాపో" అని మామ మీద అరుస్తోంది. డాక్టరు మాట చెప్పాను. మామ అరుగు దిగాడు. రొప్పంలోకి పోయి కరియ పక్కన కూర్చున్నాడు.

ఆ పది రోజులూ కుక్క మీద కాపలా నాది. దాన్ని రొప్పంలో కట్టేశాం. పాప లోపల అత్త దగ్గర, తలుపు గొళ్లెం వేసి. నేను కంప బయట గొడుగు వేసుకుని కూర్చునేదాన్ని. నీళ్లు తాగుతోందా, చొంగ కారుతోందా, వెలుగుకు జడుస్తోందా. జబ్బు ఏదీ కనపడలేదు. ఒకటి మాత్రం కనపడింది. దాని చూపు ఎప్పుడూ కాళ్ల మీదే ఉండేది. మనిషి ముఖం చూసేది కాదు. కోడి కాళ్లు, మేక కాళ్లు, నా కాళ్లు. ఏవి కదిలినా దాని ఒళ్లంతా బిగుసుకునేది.

ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి భర్తకు ఫోను. మీటరు తిరుగుతుంటే మా ఇద్దరికీ వైర్‌లెస్ భాష వచ్చేది.

"పాప?"

"బాగుంది."

"కుక్క?"

"బతికే ఉంది."

"ఎవరికైనా ఇచ్చేయమని నాయనకు చెప్పాల్నా?"

"వద్దు. నేను చూసుకుంటాను."

మామతో ఆ రోజే మాట్లాడాను. ఆగమంటే ఆగడం నేర్పిస్తానన్నాను.

"నేర్పించుకో. కొట్టొద్దు. తోలేది మాత్రం మరిపించొద్దు తల్లీ. వాన పడితే నేను మల్లా గొర్రెలు తెస్తా. అప్పుడు నాకు కుక్క కావల్ల. నీ సిపాయి కాదు."

పొడవాటి నూలు తాడు, నా పాత ఈల, కొంగులో జొన్నరొట్టె ముక్కలు. ఇవే సామగ్రి. క్యాంపులో మా బ్యారక్ పక్కనే డాగ్ స్క్వాడ్ ఉండేది. అక్కడ చూసిందే నాకు తెలిసిన చదువు. ఎండ ఎక్కకముందే వంక దాకా పరుగు. వంకలో నీళ్లు లేవు, ఇసుకే. ఇసుకలో కుక్క తొందరగా అలుస్తుంది. నేను ఇంకా తొందరగా. ఇంటికొచ్చి దాని పాదాల్లో పల్లేరు ముళ్లు తీసి, చెవుల్లో పిడుదులు ఏరి, మజ్జిగలో కలిపిన సంగటి పెట్టేదాన్ని. ఆ తర్వాత పాఠం. "బైఠ్" అంటే కూర్చో, "రుక్" అంటే ఆగు. కుక్కకు ఆజ్ఞలివ్వడం నేను విన్నది హిందీలోనే.

"హిందీ నేర్పిస్తాండావా?" అన్నాడు మామ. "రేప్పొద్దున గొర్రెలకు అర్థం గావద్దా?"

ఆగితే ఒక ముక్క. కోడి ఎదురుగా పరుగెత్తినా లేవకుంటే రెండు. ఆషాఢం గాలి మొదలయ్యేసరికి కరియ గడప పక్కన కూర్చునేది. పాప దాని ముందే పడుతూ లేస్తూ తిరిగినా కదిలేది కాదు. ఒళ్లు వణికేది, కానీ లేచేది కాదు. "ఇది కుక్కనా, స్టేషను ముందర సెంట్రీనా?" అంది పాలామె. నాకది మెప్పుగానే వినిపించింది.

ఆ ఏడు వాన ఆలస్యంగానైనా పడింది. వంక పారింది. పచ్చిక లేచాక మామ సంతకు పోయి చిన్న మందను తెచ్చాడు. మర్నాడు పొద్దున గొర్రెలు రొప్పం దాటాయి. కరియ రొప్పం వాకిట కూర్చుంది. మామ నాలుకతో టక్కుమని చప్పుడు చేశాడు. లేవలేదు. మళ్లీ చేశాడు. అది తల తిప్పి నా వైపు చూసింది. ఈలోగా మంద పక్కవాళ్ల చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేన్లో పడింది. చేను ఆసామి కట్టె పట్టుకుని వచ్చాడు.

"ఏమప్పా! నీ కుక్క కూసోని సెల్యూట్ కొడతాండాదే!"

మామే పరుగెత్తాడు. ఆ వయసులో, చేనంతా తిరిగి, తానే మందను మళ్లించాడు. మోకాలు పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఇంగ నా మాట ఇనదులేమ్మా" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది.

నేర్పించిందాన్ని తీసేయడం నాకెవరూ నేర్పలేదు. పైగా భయం. కరియ మళ్లీ తోలడం మొదలుపెడితే దానికి అందేంత దగ్గర్లో ఉండేవి పాప కాళ్లే. అయినా మందకు కుక్క కావాలి. ఒక హద్దు పెట్టుకున్నాను. గడప దగ్గర నా మాట, రొప్పం దాటితే మామది. రోజూ పొద్దున ఆయన వెంట పోయాను. ఆయన నాలుక చప్పుడు, వెంటనే నా "జా", పొమ్మని. కరియ దూసుకుపోయేది. రోజురోజుకూ గొంతు తగ్గించాను. తర్వాత పెదవులు మాత్రం కదిపాను. తర్వాత వీపు తిప్పి నిలబడ్డాను. కరియ పోయేది, కానీ ప్రతిసారీ ముందు నన్ను చూసి పోయేది. గట్టు వెనక దాక్కుంటే మందను వదిలేసి వచ్చి నా ముందు కూర్చునేది. పాపను అది మళ్లీ తాకలేదు. అయినా నేను కన్ను తిప్పుకోలేదు.

అప్పుడే బూత్‌కు ఆయన ఫోను వచ్చింది.

"క్వార్టర్ దొరికింది. వచ్చే వారం బయల్దేరు."

"కరియ ఇంకా నన్నే చూస్తోంది."

"అది మా నాయన కుక్క."

మామకు చెప్పాను. "నువ్వు పోతే నీ కోసరం రోడ్డు మీద కూసుంటాది. గొర్రెలు తోడేళ్లకే" అన్నాడు. ఆ మాట తర్వాత ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

బయల్దేరే రోజు మందను రోడ్డు పక్కకే తోలుకొచ్చాడు, మమ్మల్ని సాగనంపినట్టూ ఉంటుందని. బస్సు వచ్చింది. అత్త పెట్టె ఎక్కించింది. నేను పాపతో కిటికీ దగ్గర కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా కరియ లేచింది. చేను పక్కనుంచి వంగి పరుగెత్తి మంద మొత్తాన్ని రోడ్డెక్కించింది. బస్సు ముందు, పక్కన, వెనక గొర్రెలే. డ్రైవరు హారన్ కొట్టాడు. అవి ఇంకా దగ్గరికి ఒత్తుకున్నాయి.

"ఎవురివప్పా ఈ గొర్రెలు?" కండక్టరు మెట్ల మీద నుంచి అరిచాడు. "ఎక్కేటివైతే ఎక్కమను, టికెట్లు కొడతా!"

అందరూ నవ్వారు. మామ నాలుకతో చప్పుడు చేశాడు. కరియ కదల్లేదు. కిటికీలో నన్ను చూసింది. నేను ఒక్క మాట అంటే చాలు, దారి ఇస్తుంది. ఆ మాట నోటి దాకా వచ్చింది. అన్నానంటే మామకు ఇక కుక్క ఉండదు. కొంగు పళ్ల మధ్య పెట్టుకున్నాను. పాప చువ్వలు పట్టుకుని పిలుస్తోంది. హారన్ మోగుతూనే ఉంది. మామ మళ్లీ చప్పుడు చేశాడు. ఈసారి ఆయన నోరు ఎండిపోయినట్టుంది, సరిగ్గా రాలేదు.

కరియ పోయింది. మందను చీల్చి రోడ్డు దింపింది. బస్సు కదిలింది.

రెండు రోజులు రైల్లో ప్రయాణించి ఇక్కడికి చేరాం. తర్వాతి ఆదివారం ఊరి బూత్‌కు ఫోను చేస్తే, అక్కడ కాచుకుని ఉన్న మామే ఎత్తుకున్నాడు. "తోల్తాందమ్మా" అన్నాడు. పాపకు ఇప్పుడు కరియ గుర్తులేదు. నాకు మాత్రం మామ చేసిన ఆ రెండు చప్పుళ్ల మధ్య కరియే కళ్లముందు ఉంటుంది. దుమ్ములో, గొర్రెల వీపుల మధ్య, ముందరి కాలు ఒకటి గాల్లో ఎత్తి, కాళ్లను వదిలేసి నా ముఖం చూస్తూ.