ప్రింటరు గీసిన సముద్రపు నేల

మా అన్నయ్య పనిచేసిన సరుకుల పడవ భీమిలికి ఆవల, తీరానికి దూరంగా మునిగిపోయింది. మనిషి దొరకలేదు.

విశాఖ రేవులో పనిచేసే మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, పరామర్శకు ఖరగ్‌పూర్ వచ్చాడు. న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ వరండాలో కూర్చుని, అక్కను ఓదార్చాలనే అన్నాడు.

"ఆ జాగాలో సముద్రానికి అడుగు లేదప్పా. ఎవలు ఎతికినా దొరకడు. ఇంక ఆశ ఒగ్గీ."

అమ్మ ఆశ వదిలేసింది. దాని బదులు మరొకటి పట్టుకుంది. కూర కలుపుతూ గరిటె ఆపేసి, "ఇంకా దిగుతున్నాడేటే?" అని నన్ను అడిగేది.

మేం క్రైస్తవులం. పోయినవాళ్ళను మట్టికి అప్పగించి, తర్వాత ఆదరణ కూడిక అని ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటాం. మట్టి తగలని కొడుక్కి కూడిక ఏమిటని అమ్మ ఒప్పుకోలేదు. పాస్టరుగారు వచ్చినప్పుడల్లా టీ ఇచ్చి పంపేసేది. నాన్న వర్క్‌షాపు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా కూర్చునేవాడు.

అప్పుడు డెబ్బయ్యో దశకం మొదలు. నేను సైకిలు మీద ప్రేమ్ బజార్ వైపు వెళ్ళి, అక్కడి ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటరు గదిలో పనిచేసేదాన్ని. నాతో పనిచేసే బెంగాలీ ఒకతన్ని దాదా, అంటే అన్నా, అని పిలిచేదాన్ని. ఝపటాపూర్‌లో తెలుగువాళ్ళ పక్కింట్లో పెరిగాడు. మా యాస మాకంటే బాగా మాట్లాడేవాడు.

ఒక సర్వే లాంచీ మా అన్నయ్య పోయిన తీరంలోనే వరసలు వరసలుగా తిరిగి కొలిచిన లోతులు మా దగ్గరికి వచ్చాయి. లాంచీలోని యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపుతుంది. అది నేలకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి, కాగితపు చుట్ట మీద లోతును గీతగా గీస్తుంది. ఆ గీత నుంచి లాంచీవాళ్ళు చదివి రాసిన అంకెలను మేం కార్డుల మీద చిల్లులుగా కొట్టాలి. నా ఫోర్ట్రాన్ ప్రోగ్రాం ప్రతి లోతులోంచీ ఆ వేళప్పటి పోటు ఎత్తును తీసేసి, సమానమైన దూరాల్లో లోతు ఎంతో లెక్కకట్టేది. ప్రింటరు కాగితం మీద ఒక్కో వరసలో, లోతు ఎంతైతే అంత దూరంలో, ఒక్కో నక్షత్రం గుర్తు కొట్టేది. కాగితాన్ని పక్కకు తిప్పితే సముద్రాన్ని నిలువునా కోసి చూసినట్టు నేల కనిపించేది.

లాంచీ తిరిగిన వరసల్లో ఒకటి, పడవ మునిగిందని కంపెనీవాళ్ళు చెప్పిన చోటికి దగ్గరగా వెళ్ళింది. ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది.

"ఆ మిషను సెప్తాదా?"

"లోతు చెప్తుందమ్మా."

"అడుగుందో లేదో సెప్పమను. సాలు."

మర్నాడు కాగితం వచ్చింది. నక్షత్రాలు ఒడ్డు నుంచి నెమ్మదిగా దిగుతూ వెళ్ళి, సరిగ్గా ఆ చోట ఆగిపోయాయి. కొంత మేర ఉత్త కాగితం. ఆ తర్వాత మళ్ళీ మొదలయ్యాయి.

దాదా నా భుజం మీదుగా చూశాడు. "ఏటి దీదీ, సముద్రంలో నుయ్యి తవ్వించినావా?"

అన్నయ్య పోయాడని అతనికి తెలుసు. ఎక్కడ పోయాడో తెలియదు. మావయ్య మాట నిజమేననుకున్నాను. ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలన్నదే ఆలోచన.

కాసేపటికి తేరుకుని, గుర్తులు కాకుండా అంకెలే ప్రింటు తీయించాను. అక్కడ లోతు కాగితం వెడల్పును దాటిపోయింది, అందుకే గుర్తు పడలేదు. అయితే నేల ఒక్కసారిగా ఎంత దిగిందో, అటు చివర ఒక్కసారిగా అంతే ఎక్కింది. ఏ నేలా అలా ఉండదు. ఆ తేడా సరిగ్గా, యంత్రంలో స్కేలు మార్చినప్పుడు కలిపే కొలత. లోతు చుట్టలో పట్టనప్పుడు మీట తిప్పి స్కేలు మారుస్తారు. అక్కడి నుంచి ప్రతి అంకెకూ ఆ కొలత కలపాలి.

అంకెలతో పాటే చుట్టలూ మాకు వచ్చాయి. ఆ చుట్ట తెరిచాను. స్కేలు మారితే గీత ఎగిరి ఇంకోచోట పడాలి. ఇక్కడ గీత తెగలేదు. పక్కన పెన్సిలు గుర్తేదో ఉంది, దాన్ని స్కేలు మార్చిన గుర్తు అనుకుని లాంచీవాళ్ళు అంకెలకు ఆ కొలత కలిపేసినట్టున్నారు.

నాకు కావలసిన జవాబే వచ్చింది. అందుకే నన్ను నేను నమ్మలేదు. ఏమీ చెప్పకుండా చుట్టను దాదాకిచ్చి, స్కేలు ఎక్కడైనా మారిందేమో చూడమన్నాను. అతను దాన్ని కిటికీ వెలుగులో పెట్టి ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాడు.

"యెక్కడా మార్లేదు. గీత సీదాగా ఎల్లిపోతోంది గదా. ఏటుంది దీదీ దీన్లో, అంతలా సూస్తున్నావు?"

అన్నయ్య పోయింది ఆ చోటేనని అప్పుడు చెప్పాను. అతను పంచింగ్ మిషను ముందు కూర్చుని ఆ కార్డులన్నీ సరైన అంకెలతో తనే మళ్ళీ కొట్టాడు.

కొత్త కాగితంలో నక్షత్రాలు ఎక్కడా ఆగలేదు. ఇంటికి తెచ్చి మంచం మీద పరిచాను. అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని గుర్తుల వెంట వేలు నడిపింది.

"ఇదేనా నేల?"

"ఇదే. సరిగ్గా అదే చోటు కాదు. దగ్గర."

"రాయా, ఇసకా?"

"సర్వేవాళ్ళు బురద అని రాశారు."

"బురదంటే మట్టే గదే."

"మట్టేనమ్మా."

వేలు అక్కడే ఉంచింది. నాన్న వంగి బూట్లు విప్పుకున్నాడు.

"అయితే తగిలినాడు," అంది అమ్మ. కళ్ళద్దాలు తీసి, "పాస్టరుగారికి కబురెట్టు. మీ మావయ్యని కూడా రమ్మను," అంది.

కూడిక అయ్యాక, టీలు తాగుతుంటే మావయ్య ఉండబట్టలేకపోయాడు. "మిషన్లకేటి తెలుస్తాది గానీ అప్పా, మా రేవులో అందరూ అడుగు లేదనే అంటారు."

"ఈల్లు రెండుసార్లు సూసినారు," అంది అమ్మ. "నువ్వొక్కపాలైనా దిగి సూసినావా?"

ముందు నవ్వింది పాస్టరుగారు. ఆ తర్వాత నాన్న. అమ్మ నవ్వలేదు గాని, మావయ్య గ్లాసులో ఇంకాస్త టీ పోసింది.